పగుళ్ళ లెక్క తేల్చిన గ్రిఫిత్

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఇంజనీరింగు శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఫైళ్ళలో బీట, పగులు, నెర్రె అనే మాటలు కనబడని వారం ఉండేది కాదు. అందుచేత పగులు ఎప్పుడు ప్రమాదమో మొదటిసారి లెక్కకట్టి చెప్పిన బ్రిటిష్ ఇంజనీరు ఎ. ఎ. గ్రిఫిత్ గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. వస్తువుల బలం గురించి చదువుకున్న ఇంజనీర్లకు ఆయన పేరు సుపరిచితం. మనబోటివారికి కూడా ఉపయోగపడే జీవితం అది.

ముందు ఒక చిన్న సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు వరండా గోడ బీటవారింది. ఓవర్సీరుగారు వచ్చి, ఆ బీటకు అడ్డంగా ఒక గాజుముక్కను సిమెంటుతో అతికించి, పక్కన తేదీ వేసి వెళ్ళారు. బీట విచ్చుకోకుండా గాజుముక్క పట్టి ఉంచుతుంది కాబోలు అనుకున్నాను. నెల తిరగకుండా అది పుటుక్కున విరిగింది. గాజు సాగదనీ, గోడ వెంట్రుకవాసి కదిలినా విరిగిపోతుందనీ, అది విరిగిందంటే బీట ఇంకా నడుస్తోందని అర్థమనీ ఓవర్సీరుగారు చెప్పారు. బీటలు రెండు రకాలు, నిలిచిన బీట, నడిచే బీట. ఈ రెండింటికీ తేడా ఎక్కడ ఉందో కనిపెట్టినవారే గ్రిఫిత్. ఆయనకూ గాజే సాక్ష్యం చెప్పింది.

ఎలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్ 1893 జూన్ 13న లండన్ నగరంలో జన్మించారు. తండ్రి జార్జి గ్రిఫిత్ ఆ రోజుల్లో పేరున్న నవలా రచయిత. విమానాలు ఇంకా పుట్టకముందే ఆకాశ యుద్ధనౌకల గురించి కల్పిత కథలు వ్రాసినవాడు. కొడుకు పుట్టిన సంవత్సరంలోనే ఆయన ప్రసిద్ధ నవల వెలువడింది. 1906లో తండ్రి పోయేనాటికి కుర్రవాడికి ఇంకా 13 ఏళ్ళు నిండలేదు. ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో బడి చదువు సాగించి, లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, 1914లో ప్రథమ శ్రేణిలో పట్టా పొందారు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన కర్మాగారంలో చేరారు. ఆనాటి విమానాలు కొయ్య, తీగలు, గుడ్డతో కట్టినవి. ఏ భాగం ఎంత బరువు మోస్తుందో తెలియక ప్రాణాలు పోతున్న రోజులవి.

అక్కడ ఆయన మొదటి పేరు సబ్బు బుడగల వల్ల వచ్చింది. కడ్డీని మెలితిప్పినప్పుడు దానిలో ఏ చోట ఎంత ఒత్తిడి కలుగుతుందో, కడ్డీ ఆకారం గుండ్రంగా లేకపోతే లెక్కకట్టడం బహు కష్టం. గ్రిఫిత్, జి. ఐ. టేలర్ అనే మరో శాస్త్రవేత్త కలిసి ఒక ఉపాయం చేశారు. రేకులో కడ్డీ అడ్డుకోత ఆకారంలో రంధ్రం చేసి, దానిమీద సబ్బునీటి పొర పరచి, కిందనుంచి కాస్త గాలి ఒత్తారు. పొర ఎక్కడ ఎక్కువ వాలుగా ఉంటే కడ్డీలో అక్కడ ఒత్తిడి ఎక్కువ. పెద్దపెద్ద సమీకరణాలు చేయలేని పని పిల్లలాడుకునే బుడగ చేసిపెట్టింది. 1917లో ఈ పని ప్రకటితమైంది. తోటివారు ఆయనను బుడగల గ్రిఫిత్ అని వేళాకోళం చేసేవారట.

తరువాత ఆయన దృష్టి గీతల మీద పడింది. యంత్ర భాగాల పైతలం మీద చిన్న గీత ఉన్నా అవి త్వరగా విరుగుతున్నాయి, నున్నగా మెరుగుపెడితే ఎక్కువకాలం మన్నుతున్నాయి. గీత వల్ల పోయిన లోహం ఆవగింజంత కూడా ఉండదు. మరి బలం అంత ఎందుకు తగ్గాలి?

దీనికి సగం జవాబు అప్పటికే ఉంది. 1913లో ఇంగ్లిస్ అనే ఇంజనీరు, రేకులో రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి ఎంత పెరుగుతుందో లెక్కకట్టారు. కాలువ నీరు వంతెన స్తంభం దగ్గర పక్కలకు తప్పుకుని వడిగా పోయినట్లు, రేకులోని లాగుడు కూడా రంధ్రం పక్కనుంచి ఒరుసుకుని పోతుంది. గుండ్రని రంధ్రం అంచున అది 3 రెట్లవుతుంది. పొడవుగా, మొన వాడిగా ఉన్న చీలిక అయితే ఎన్నో రెట్లవుతుంది. బట్టల కొట్టులో గుడ్డ చింపేవాడు ముందు కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, ఆపైన రెండు చేతులా లాగడం మనందరం చూసినదే. గాటు లేకపోతే వస్తాదు కూడా ఆ గుడ్డను అంత తేలికగా చింపలేడు.

అయితే ఇంగ్లిస్ లెక్కలో ఒక చిక్కు ఉంది. దాని ప్రకారం చీలిక ఆకారమే ముఖ్యం, పరిమాణం కాదు. కంటికి కనబడని గీత, జానెడు చీలిక ఒకే ఆకారంలో ఉంటే ఒకే ప్రమాదం కావాలి. అనుభవంలో అలా లేదు. పైగా మొన బాగా వాడిగా ఉంటే ఒత్తిడి అంతులేకుండా పెరిగి, గీతపడిన ఏ వస్తువూ ఈ లోకంలో నిలవకూడదు. కాని నిలుస్తూనే ఉన్నాయి.

గ్రిఫిత్ దీన్ని మన గుమాస్తాల పద్ధతిలో, జమాఖర్చులు వేసి తేల్చారు. లాగబడి ఉన్న వస్తువు ఎక్కుపెట్టిన విల్లువంటిది, దానిలో శక్తి నిలవ ఉంటుంది. పగులు కొంత సాగితే దానికి రెండు పక్కలా ఉన్న భాగం సడలి ఆ శక్తిని విడుదల చేస్తుంది. అది జమ. పగులు సాగాలంటే అంటిపెట్టుకున్న అణువులను విడదీసి కొత్త తలాలు ఏర్పరచాలి. అది ఖర్చు. పగులు పొడవు రెట్టింపైతే ఖర్చు రెట్టింపే అవుతుంది, జమ మాత్రం 4 రెట్లవుతుంది. కనుక చిన్న పగులుకు సాగాలన్నా ఖర్చు గిట్టదు, ఉన్నచోటనే ఉండిపోతుంది. ఒక హద్దు దాటిన పగులుకు తన రాబడి తనకే చాలి మిగులుతుంది. ఇక ఎవరూ తొయ్యనవసరం లేదు, తనంత తానే పరుగెడుతుంది. నిలిచిన బీటకూ, నడిచే బీటకూ తేడా ఇదే. పగులు పొడవు 4 రెట్లయితే వస్తువు ఓర్చుకునే లాగుడు సగానికి పడిపోతుందని కూడా ఆయన లెక్క చెప్పింది.

లెక్క చెప్పి ఊరుకోలేదు. సాగకుండా పెళుసుగా విరిగే గాజును పరీక్షకు ఎంచుకున్నారు. గాజు గొట్టాలు, బుడ్డీలకు కొలిచి పగుళ్ళు పెట్టి, లోపల ఒత్తిడి ఎక్కించి పగలగొట్టారు. ఫలితం లెక్కకు సరిపోయింది. ఆపైన గాజును కరిగించి సన్నని దారాలు తీశారు. అంగుళంలో 25వ వంతు, అంటే ఒక మిల్లీమీటరు మందం ఉన్న గాజుకడ్డీ చదరపు అంగుళానికి 24,900 పౌన్ల లాగుడుకు తెగింది. అంగుళాన్ని 7 వేలకు పైగా భాగాలు చేస్తే ఒక భాగమంత సన్నగా ఉన్న దారం 4,91,000 పౌన్లకు గాని తెగలేదు. అదే గాజు, కాని దాదాపు 20 రెట్లు బలం. సన్నని దారంలో పెద్ద పగులు ఇమడడానికి చోటుండదు గదా! అంటే మనం గాజు బలం అనుకునేది గాజు అసలు బలం కాదు, దానిలోని పగులు మిగిల్చిన బలం. ఈ పరిశోధన 1920లో రాయల్ సొసైటీకి సమర్పించగా 1921లో అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు 27 ఏళ్ళు.

ఇంత పని చేసినవారికి ఏమి దక్కింది? ఫార్న్‌బరోలో తరువాతి కాలంలో పనిచేసిన జె. ఇ. గార్డన్ అనే శాస్త్రవేత్త ఒక విషయం వ్రాశారు. గ్రిఫిత్‌కు తోడుగా లాక్‌స్పైజర్ అనే యువకుడు ఉండేవాడు. గాజు కరిగించే గ్యాసు దీపం ఒక రాత్రి ఆర్పకుండా వదిలివేయడంతో అగ్నిప్రమాదం జరిగింది. విచారణ అనంతరం, ఈ వ్యర్థపు పనులు కట్టిపెట్టవలసిందని ఇద్దరికీ ఉత్తర్వు వచ్చిందట. గ్రిఫిత్‌ను ఇంజన్ల పనికి మార్చారు. లాక్‌స్పైజర్ దరిమిలా సర్ బిరుదు పొంది, ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ పాలకమండలికి మొదటి అధ్యక్షుడయ్యాడు. పగుళ్ళ ఫైలు మాత్రం మూతపడింది.

మూతపడిన ఫైలు మళ్ళీ తెరిపించినది రెండవ ప్రపంచ యుద్ధం. అమెరికావారు యుద్ధకాలంలో వేల ఓడలను రివెట్లు లేకుండా వెల్డింగుతో కట్టారు. 1943 జనవరి 16న స్కెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ ఆరిగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ రేవులో, అలలు లేని నిశ్చలమైన నీటిలో, పెద్ద శబ్దంతో రెండుగా విరిగింది. రివెట్ల ఓడలో పగులు ఒక రేకు అంచు వరకే పోయి ఆగేది. వెల్డింగుతో ఓడంతా ఒకే రేకయింది, పగులుకు అడ్డు లేదు. చలిలో ఆ ఉక్కు గాజులాగా పెళుసయ్యేది కూడా. ఉక్కులో పగులు మొన దగ్గర లోహం సాగడానికి కూడా శక్తి ఖర్చవుతుందని గుర్తించి, గ్రిఫిత్ ఖర్చు పద్దులో దాన్ని చేర్చి, అమెరికా నౌకాదళ ప్రయోగశాలకు చెందిన జార్జి ఇర్విన్ 1950 దశాబ్దంలో ఆ లెక్కను లోహాలకు పనికివచ్చేటట్లు చేశారు. అదే నేటి ఫ్రాక్చర్ మెకానిక్స్ శాస్త్రం.

మరొక దారుణం 1954లో జరిగింది. బ్రిటన్ గర్వంగా నడిపిన కామెట్ జెట్ విమానాలు జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి మధ్యధరా సముద్రంపై ముక్కలైపోయాయి. 56 మంది మరణించారు. ఫార్న్‌బరోలోనే మరో కామెట్‌ను పెద్ద నీళ్ళతొట్టిలో ఉంచి, లోపల నీటి ఒత్తిడి మాటిమాటికీ ఎక్కించి దించారు. అంతకుముందు ఎగిరినప్పటివీ కలిపి 3 వేలకు పైగా ఆవృత్తుల తరువాత, విమానం ఒంటికి కోసిన రంధ్రం మూల నుంచి పగులు సాగి గోడ చీలిపోయింది. 30 ఏళ్ళ క్రితం వ్యర్థమని ఆపించిన పని ఏ ఊళ్ళో ఆగిందో, ఆ ఊళ్ళోనే దాని అవసరం తెలిసివచ్చింది.

గ్రిఫిత్ జీవితంలో మరో ఘట్టం దాచకుండా చెప్పాలి. ఇంజన్లలో కూడా ఆయన ఘనుడే. టర్బైను రెక్కలను విమానపు రెక్కల ఆకారంలో మలచాలని 1926లో చూపించారు. కాని 1929లో ఫ్రాంక్ విటిల్ అనే కుర్ర వైమానిక అధికారి జెట్ ఇంజను ఆలోచనతో వస్తే, ప్రభుత్వం దాన్ని గ్రిఫిత్ అభిప్రాయానికి పంపింది. ఆయన లెక్కలో ఒక తప్పు పట్టుకున్నారు. తప్పు నిజమే. కాని ఆ ఒక్క పగులు చూసి మొత్తం గోడను కాదన్నట్లయింది. ప్రభుత్వ సాయం లేక విటిల్ ఏళ్ళ తరబడి అవస్థపడ్డాడు. 1937లో ఇంజను తిప్పి చూపించాడు, 1941లో దానితో విమానం ఎగిరింది. ఏ పగులు ప్రమాదమో, ఏది కాదో ప్రపంచానికి చెప్పిన మనిషే ఒక కుర్రవాడి కాగితంలో ఆ తేడా చూడలేకపోయారు. ఫైళ్ళ మీద అభిప్రాయాలు వ్రాసి బ్రతికిన మనం దీన్ని గుర్తుంచుకోవాలి.

1939లో గ్రిఫిత్ రోల్స్ రాయిస్ కంపెనీలో చేరారు. 1941లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. అక్కడ ఆయన తొలి రూపకల్పన చేసిన ఎవాన్ ఇంజనే, లోపాలు దిద్దుకుని తిరిగి వచ్చిన కామెట్ విమానాలను నడిపింది. నిలువుగా పైకి లేచే విమానాల మీద కూడా కృషి చేశారు. వాటికోసం రెక్కలు లేని ఒక ఇనుప చట్రం 1954లో జెట్ బలంతో గాలిలోకి లేచినప్పుడు జనం దాన్ని ఎగిరే మంచం అన్నారు. 1960లో పదవీ విరమణ చేసి, 1963 అక్టోబరు 13న కాలధర్మం చెందారు.

ఈనాడు విమానాలనూ, వంతెనలనూ పగుళ్ళు అసలు ఉండవని నమ్మి నడపడం లేదు. ఉంటాయనే అనుకుని, అవి హద్దు దాటే లోపల కనిపెట్టేటట్లు తనిఖీల గడువులు వేస్తున్నారు. ఆ గడువు వెనుక ఉన్నది గ్రిఫిత్ జమాఖర్చే.

మొదట చెప్పిన గోడ సంగతి ముగిస్తాను. గాజు విరిగిన మర్నాడే ఓవర్సీరుగారు రిపోర్టు పంపారు. అందులో సన్నని బీట అని ఉండడంతో, తొందర లేదనుకుని నేను దాన్ని అడుగున పెట్టాను. రెండు నెలలు అక్కడే ఉంది. వానాకాలంలో ఒక రాత్రి ఆ వరండా గోడ కూలింది. పగలైతే ఆ బెంచీమీద కనీసం నలుగురు కూర్చుని ఉండేవారు. రిపోర్టులో రెండవ వాక్యం, గాజు విరిగినది అన్న వాక్యం, నేను చదివాను గాని దాని అర్థం నాకు పట్టలేదు. బీట ఎంత సన్నమని అడిగాను గాని, నడుస్తోందా అని అడగలేదు. రిటైరైన తరువాత గ్రిఫిత్ గురించి చదివినప్పుడు మొదట గుర్తుకు వచ్చినది ఆ కాగితమే. మన ఇళ్ళు కూడా మనతోపాటు పాతబడుతున్నాయి. ఎవరి గోడకైనా బీట కనబడితే సున్నం పూసి కప్పకండి. ఒక గాజుముక్క అతికించి, తేదీ వేసి ఉంచండి. అది విరిగితే ఆ రోజే ఇంజనీరును పిలవండి.