చిత్రకారులు వడ్డాది పాపయ్యగారు

ఒక జాతివారు తమ్ము తామెట్లు భావించుకొనిరో తెలిసికొనవలెనన్న శాసనములును గ్రంథములును మాత్రమే చూచిన చాలదు. వారి యిండ్ల గోడల మీది పటములను గూడ చూడవలయును. మన పలాస, టెక్కలి ప్రాంతములలోను, ఉద్దానపు పల్లెలలోను చందమామ ముఖపత్రమును కత్తిరించి గోడకంటించుకొన్న యిండ్లు ఒకప్పుడు పెక్కులు. ఆ బొమ్మ మూల 'వ.పా.' అను రెండక్షరము లుండెడివి. ఆ యక్షరముల నెరుగని బాలుడు లేడు. ఆ యక్షరములవారు మన శ్రీకాకుళమువారే యని యెరిగిన పెద్దలు మాత్రము కొలదిమంది. ఈ లోపమును కొంతవరకైన దీర్చుటకే యీ చిన్న జీవితకథ.

వడ్డాది పాపయ్యగారు 1921వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళ పట్టణమున జన్మించిరి. తండ్రి రామమూర్తిగారు, తల్లి మహాలక్ష్మిగారు. తండ్రిగారు పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయులగుటచే కుంచెయు రంగులును బాలునకు ఆటవస్తువు లాయెను. పసితనముననే రవివర్మగారి కోదండరాముని పటము చూచి తానును గీయ నారంభించెనని చెప్పుదురు. రవివర్మగారి (1848-1906) అచ్చుపటము లానాడు దేశమంతట వ్యాపించి యుండెను. అయితే ఆ పటములలో పెక్కింటియందు దేవతలు కట్టిన చీరయు, ఆ కట్టును మరాఠదేశపు తీరువి. తెనుగింట పూజలందుకొను లక్ష్మీసరస్వతులు తెనుగుకట్టు కట్టినవారు కారు.

పాపయ్యగారి బాల్యమున శ్రీకాకుళము గంజాం జిల్లాలోనిది. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా బరంపురము, పర్లాకిమిడి అటు పోయెను. శ్రీకాకుళము, టెక్కలి మొదలగునవి ఇటు నిలిచి విశాఖపట్టణము జిల్లాలో జేరెను. 1950 ఆగస్టు 15వ తేదీనగాని శ్రీకాకుళము ప్రత్యేకజిల్లా కాలేదు. సరిహద్దు గీచిననాటికి పాపయ్యగారికి పదునాలుగేండ్లు. గీత యెట్లు గీచినను చుట్టరికములు దాని నతిక్రమించియే యుండెను. పిల్లనిచ్చినది అటు, తెచ్చుకొన్నది ఇటు. నేటికిని ఉద్దానమున ఒక్క వీధిలోనే తెనుగును ఒడియాయు వినబడును. మనమెవరము, మనవా రెవరు అను ప్రశ్న మన సీమకు పుస్తకములలోని ప్రశ్న గాదు, గడపలోని ప్రశ్న.

తెనుగువారి రూపమును చిత్రమున నిలుపవలెనను తపన పాపయ్యగారితో మొదలైనది కాదు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారు (1897-1925) ఆ మార్గము తీర్చి, ఇరువదియేడేండ్లకే అస్తమించిరి. పాపయ్యగారు విజయనగరమున మహారాజావారి కళాశాలలో చిత్రలేఖనము బోధించిరి. పిదప ఆయన చిత్రములు పత్రికల ద్వారమున ఇంటింట బ్రవేశించెను.

పూర్వము రూపచిత్రమనగా జమీందారుల కొలువుకూటములలో వ్రేలాడునదియే. తలపాగా, ఖడ్గము, బంగారుచట్రము, క్రింద పేరు. పాపయ్యగా రట్టి రూపములచే పేరు గడించినవారు కారు. ఆయన రూపములకు పేరులు లేవు. ముగ్గు వేయు పడుచు, కడవ నెత్తుకొన్న యింతి, దీపము పట్టిన ముత్తైదువ, కొండకోనల కన్నె, ఋతువులు, రాగములు, నాయికలు — ఇవియే ఆయన లోకము. పాపిటబిళ్ళ, ముక్కెర, కాసులపేరు, వంకీలు, వడ్డాణము, జడగంటలు ఒక్కొక్కటియు కంసాలి చూచి చేయదగినంత స్పష్టముగా దీర్చెడివారు. పురాణకథలోని యశోద మోముకును పొలముగట్టు మీది కాపుపడుచు మోముకును పోలిక కానవచ్చును. దేవత కెంత శ్రద్ధయో పల్లెపడుచునకును అంతే శ్రద్ధ. పేరులేని యామె మోమున చూచువారు తమ యక్కను, తమ మేనత్తను గుర్తించిరి. రవివర్మ పటమున నమస్కరింపదగిన దేవత యుండెను, వ.పా. చిత్రమున మనయింటి బిడ్డయు నుండెను. ఆయన చేసిన మేలిదియే.

ఆయన చిత్రములపై నొక యాక్షేపణ కలదు; దానిని దాచుట మర్యాద గాదు. ఆ స్త్రీలందరు సన్నని నడుమువారు, చక్కదనము చెడనివారు. చెమట లేదు, అలసట లేదు. పలాసలో జీడిగింజలు కొట్టి వ్రేళ్ళు నల్లబారిన శ్రమజీవులును, బారువ తీరమున చేపలతట్ట మోయు తల్లులును ఆ చిత్రములలో తమ్ము తాము చూచుకొనగలరా యని యడిగినవారికి ఔనని తడుముకొనక చెప్పుట కష్టము. అయినను, చక్కదనము ధనికుల సొత్తని తలచు లోకమునకు నేతచీర కట్టిన పడుచును రాణివలె జూపుట స్వల్పకార్యము గాదు.

1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణిగార్లు మదరాసున స్థాపించిన చందమామకు పాపయ్యగారు పెక్కేండ్లు ముఖచిత్రములు వ్రాసిరి. యువ మాసపత్రికలోను ఆయన వర్ణచిత్రములు ప్రసిద్ధములు. చందమామ అనేకభాషలలో వెలువడెడిది. 1956లో జహ్నమాము అను పేర ఒడియాలోను వెలువడెను. భాష మారినను ముఖచిత్రము సాధారణముగా నొక్కటియే. కావున సరిహద్దున కిటువైపు పిల్లవాడు చందమామ యని చేతబట్టిన బొమ్మనే అటువైపు పిల్లవాడు జహ్నమాము యని చేతబట్టెను. భాషనుబట్టి గీచిన గీతను శ్రీకాకుళపు కుంచె యొకటి చప్పుడు లేకుండ దాటినది.

ఇంతటి కీర్తి గలిగినను పాపయ్యగారు సభలను, సన్మానములను కోరినవారు కారు. అనకాపల్లి చెంతనున్న కశింకోటలో నివసించుచు, జనసమ్మర్దమునకు దూరముగా తమ పని తాము చేసికొనుచుండెడివారు. తమ మోమును జూపుటకంటె జనుల మోములను వారికి జూపుటయే ఆయనకు ప్రియము. 1992వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన స్వర్గస్థులైరి.

చందమామ నేడు వెలువడుట లేదు. పాతసంచికలు తూకమునకు బోయి పొట్లములైనవి. మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులకు మా మనవి రెండు. అటకలమీద పాతపెట్టెలలో వ.పా. చిత్రములున్నయెడల వానిని పారవేయక బిడ్డలకు జూపి, ఇవి మన జిల్లావాని చేతిపని యని చెప్పుడు. బొమ్మలు వేయు బిడ్డ మీ యింట నున్నయెడల వలదనకుడు. ఆయన చిత్రింపక విడిచిన మోములు — జీడితోటలలో, మొగలిపొదల చెంత, ఇసుకతీరమున — చిత్రకారునికై యింకను వేచియున్నవి.