వైద్యునికి లభించిన చికిత్స

శుక్రాచార్యుడు మృతసంజీవనీ విద్య తెలిసినవాడు. అంతటివాడు మద్యంలో కలిపిన కచుని బూడిదను ఎరుగక త్రాగి, అనంతరం సురాపానాన్ని శపించినట్లు భారతకథ చెప్పుచున్నది. చచ్చినవారిని బ్రతికించే విద్య ఉండవచ్చును గాని, చేతిలోని పాత్రను ప్రక్కకు నెట్టే శక్తి ఆ విద్య వలన రాదు. ఇరువదవ శతాబ్దంలో ఈ సత్యానికి నిదర్శనమైనవారు అమెరికా దేశపు శస్త్రవైద్యులు డాక్టర్ రాబర్ట్ హోల్‌బ్రూక్ స్మిత్. లోకం ఆయనను డాక్టర్ బాబ్ అని పిలిచినది.

ఆయన 1879వ సంవత్సరం ఆగస్టు 8వ తేదీన వెర్మాంట్ రాష్ట్రంలోని సెయింట్ జాన్స్‌బరీలో జన్మించినారు. తండ్రి న్యాయాధీశుడు, ఇల్లు నియమనిష్ఠలకు నెలవు. బాలుని ప్రొద్దు క్రుంకకమునుపే పడకకు పంపేవారు. డార్ట్‌మత్ కళాశాలలో తొలిసారి స్వేచ్ఛ లభించినది. దానితోపాటే త్రాగుడూ అలవడినది. 1902లో పట్టం పుచ్చుకొని, కొన్నాళ్లు వ్యాపారసంస్థలలో పనిచేసి, పిమ్మట వైద్యవిద్యకు పూనుకొన్నారు. త్రాగుడు వలన చదువుకు ఆటంకాలు కలిగినా, 1910లో షికాగోలోని రష్ వైద్య కళాశాల నుండి పట్టభద్రులైనారు. రబ్బరు పరిశ్రమకు పేరొందిన ఆక్రన్ నగరంలో స్థిరపడి, 1915లో తమకై చిరకాలం వేచియున్న ఆన్ రిప్లీని వివాహమాడినారు.

ఆయనను రెండు భయాలు వెన్నాడేవి: నిద్ర పట్టదేమోనన్నది ఒకటి, మద్యం దొరకదేమోనన్నది రెండవది. రెండవ భయం తీరాలంటే సంపాదించాలి. సంపాదించాలంటే పగలు చేయి వణకరాదు. అందుచేత పగటిపూట మందులతో వణుకును అణచుకొని, రాత్రి త్రాగేవారు. సీసాలను బొగ్గుల తొట్టిలోనూ, మేజోళ్లలోనూ దాచేవారు. 1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చినపుడు ఇక తాము బాగుపడగలమని ఆశించినారు. కాని వైద్యులకు మందు నెపంతో మద్యం లభించేది. దొంగసారా వర్తకులు ఇంటి ముంగిటికే వచ్చేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చి 1997లో సడలిన నిషేధాన్ని చూచినవారికి ఇది వింతగా తోచదు.

1933 నుండి ఆయన భార్యతో కలిసి ఒక ధార్మిక బృందపు గోష్ఠులకు వెళ్లినారు, గ్రంథాలు చదివినారు, ప్రార్థించినారు. త్రాగుడు మాత్రం మానలేదు.

1935 మే నెలలో న్యూయార్కు నుండి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఆక్రన్‌కు వచ్చినాడు. అతడు త్రాగుడు మాని ఐదు నెలలైనది. వచ్చిన పని చెడినది. చేతిలో డబ్బు లేదు. హోటలు వసారాలో ఒకవైపు పానశాల నుండి నవ్వులు వినవచ్చుచున్నవి. మరొకవైపు టెలిఫోను, దాని సమీపంలో చర్చీల పట్టిక ఉన్నవి. ఇతర త్రాగుబోతులతో మాటలాడునంత కాలం తనకు త్రాగవలెననిపించలేదని అతనికి స్ఫురించినది. మరొక త్రాగుబోతును వెదకుచు ఒక మతగురువుకు ఫోను చేసినాడు. పేరు వెంట పేరు విచారించగా, హెన్రియెట్టా సీబర్లింగ్ అనే గృహిణి డాక్టర్ బాబ్‌ను చూపగలనన్నది.

మే 12, ఆదివారం సాయంకాలం ఐదు గంటలకు ఆమె ఇంట ఇరువురూ కలుసుకొన్నారు. పదిహేను నిమిషాలకు మించి ఉండనని భార్యతో షరతు పెట్టి వచ్చిన వైద్యులు రాత్రి పదకొండు దాటినదాకా లేవలేదు. బిల్ నీతి బోధించలేదు. తన కథ తాను చెప్పుకొన్నాడు. పైగా తన క్షేమానికి ఈ వైద్యుడే తనకు అవసరమని ఒప్పుకొన్నాడు. అన్నాళ్లూ తమను ఉద్ధరించ వచ్చినవారినే చూచిన బాబ్‌కు, సాయం కోరి వచ్చిన సహబాధితుడు అదే మొదటిసారి.

అయినను కథ అంతటితో ముగియలేదు. జూన్‌లో అట్లాంటిక్ సిటీలో వైద్యమహాసభకు వెళ్లి ఆయన మరల తప్పద్రాగినారు. తిరిగి వచ్చిన కొద్ది దినాలకే ఒక శస్త్రచికిత్స చేయవలసియున్నది. ఆ ఉదయం చేతి వణుకు నిలుచుటకు బిల్ స్వయంగా ఒక సీసా బీరు అందించినాడు. అదే ఆయన చివరి పానం. శస్త్రచికిత్స ముగిసినా గంటల తరబడి ఇంటికి రాలేదు. భార్య, మిత్రుడు ఎంత కలత చెందియుందురో! ఆయన మాత్రం అప్పులవారినీ, తమ వలన నొచ్చినవారినీ ఒక్కొక్కరిని దర్శించి తప్పు ఒప్పుకొనుచుండినారు. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంఘం జూన్ 10ని తన జన్మదినంగా పాటించుచున్నది.

1939 నుండి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా తోడ్పాటుతో ఆయన ఐదువేలకు పైబడి త్రాగుడు రోగులకు రుసుము లేకుండ చికిత్స చేసినట్లు చెప్పుదురు. తమకు మద్యకాంక్ష మాత్రం తొలి రెండున్నర సంవత్సరాలు వదలలేదని ఆయన దాచక వ్రాసికొన్నారు. 1950 నవంబరు 16న క్యాన్సరుతో మరణించినారు. స్మారకం నిర్మింతుమన్నవారిని వారించినారు. దంపతుల సమాధిపై ఆ సంఘం పేరైనా లేదు.

ఆ సంఘం 1957లో భారతదేశానికి వచ్చినది. హైదరాబాదులోనూ దాని సమావేశాలు జరుగుచున్నవి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో రాత్రిని పగలు చేసి పనిచేయువారు పెరిగినారు. వారిలో చదువు, జీతం, హోదా అన్నీ ఉండియు రెండు భయాల నడుమ నలుగువాడు ఉన్నచో, అతనికి డాక్టర్ బాబ్ పరాయివాడు కాడు. ఆ సమావేశంలో ప్రవేశరుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. త్రాగుడు మానవలెనన్న కోరిక ఒక్కటే అర్హత. పదిహేను నిమిషాలు కూర్చుందమని వచ్చినవానికైనా అక్కడ చోటున్నది.