కంప్యూటర్ పుట్టకముందే ప్రోగ్రాం రాసిన అడా

మన హాస్టల్‌లో సాయంత్రం స్టడీ అవర్‌కి ఒక అలవాటు ఉంది. సీనియర్ అన్నలు హాలు బోర్డు మీద ఆరేడు లైన్ల సి ప్రోగ్రాం రాస్తారు. దాని ఔట్‌పుట్ ఎంతో కాగితం మీదే తేల్చి చెప్పాలి. మరో రోజు తప్పులున్న ప్రోగ్రాం రాసి, తప్పు ఎక్కడుందో పట్టుకోమంటారు. హాస్టల్‌లో కంప్యూటర్ లేదు కాబట్టి మొదలైన అలవాటు ఇది. తాండవ వంతెన దాటి తుని వెళ్లి, గంటకు ఇంత అని ఇచ్చి కూర్చునే స్తోమత అందరికీ ఉండదు కదా. లేనివాళ్లం ఏదో సర్దుకుంటున్నాం అనే మేమూ అనుకునేవాళ్లం. ఇదే పనిని 1843లో, ప్రపంచంలో ఎక్కడా కంప్యూటర్ లేని కాలంలో, ఒక ఇంగ్లీషు యువతి చేసిందని తెలిశాక ఆమె గురించి ఈ వార్షికోత్సవ సంచికలో రాయాలనుకున్నాం.

అడా 1815 డిసెంబర్ 10న లండన్‌లో పుట్టింది. తండ్రి లార్డ్ బైరన్ పేరుమోసిన కవి. పాపకు నెల దాటగానే తల్లి ఆమెను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. బైరన్ 1816లో దేశం విడిచిపెట్టి 1824లో గ్రీసులో చనిపోయాడు. నాన్న ఎలా ఉంటాడో ఆ పిల్లకు తెలియదు. తల్లి అనబెల్లాకు లెక్కలంటే ప్రాణం. తండ్రి పోకడలు కూతురికి రాకూడదని చిన్నప్పటి నుంచే లెక్కలు చెప్పించింది. 1829లో తట్టు సోకి అడా మంచాన పడింది. చాలాకాలం కర్రల సాయంతోనే నడిచింది. చదువు మాత్రం ఆగలేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమెది డబ్బున్న ఇల్లు. ఇంటికి వచ్చి చెప్పే గురువులు, పనివాళ్లు, గుర్రపుబండ్లు అన్నీ ఉన్నాయి. ఆ విషయంలో మనకూ ఆమెకూ పోలికే లేదు. కానీ ఆ రోజుల్లో ఇంగ్లండు యూనివర్సిటీల్లో ఆడవాళ్లను చేర్చుకునేవారు కాదు. ఆ తలుపు ఆమెకూ మూసే ఉంది. 1840 ప్రాంతంలో డి మోర్గాన్ అనే ప్రొఫెసర్ ఉత్తరాల ద్వారా ఆమెకు లెక్కలు నేర్పాడు. ఈయన పుట్టింది మన పక్క రాష్ట్రంలోని మధురైలో. సి లో అండ్, ఆర్, నాట్ గుర్తులు కలిసి వచ్చినప్పుడు మనం వాడే డి మోర్గాన్ సూత్రాలు ఈయనవే.

పదిహేడేళ్ల వయసులో, 1833లో, ఆమెకు చార్లెస్ బాబేజ్ పరిచయమయ్యాడు. తర్వాత ఆయన అనలిటికల్ ఇంజన్ అనే యంత్రాన్ని ఊహించాడు. అంకెలు దాచుకోవడానికి ఒక భాగం, లెక్క చేయడానికి మరో భాగం. ఏం చేయాలో చెప్పడానికి రంధ్రాలున్న అట్టలు. ఈ అట్టల ఆలోచన జాకార్డు మగ్గం నుంచి వచ్చింది. ధర్మవరం పట్టుచీర అంచులో డిజైను తీసే అట్టలను చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది.

ఈ యంత్రం గురించి మెనబ్రియా అనే ఇటలీ ఇంజనీరు 1842లో ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. అడా దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, చివర తన వివరణలు చేర్చింది. అవి అసలు వ్యాసానికి రెండింతలు మించిపోయాయి. అప్పటికి ఆమెకు పెళ్లయి ముగ్గురు పిల్లలు. 1843లో అచ్చయిన ఆ వివరణల్లో చివరిదే మనకు ముఖ్యం. బెర్నూలీ సంఖ్యలను యంత్రం ఎలా కట్టాలో 25 మెట్ల పట్టికగా అందులో వేసింది. ఏ మెట్టులో ఏ పని, ఏ వేరియబుల్స్ మీద, జవాబు ఎందులో పడుతుంది, ఏ విలువ మారింది, అన్నిటికీ గడులున్నాయి. పని వేరియబుల్స్‌కు మొదట సున్నా పెట్టింది. మనం మొదటి విలువ ఇవ్వడం మరిచిపోయి గార్బేజ్ తెచ్చుకుంటాం చూడండి, అది ఆమె చేయలేదు. 13 నుంచి 23 వరకు మెట్లు మళ్లీ చేయాలని రాసింది. అది మన లూపే. బోర్డు మీద అన్నలు ఐ కి ఒక గడి, జె కి ఒక గడి గీయించేది ఇలాంటి పట్టికనే. యంత్రమే లేదు కాబట్టి రన్ చేసి చూసే ప్రశ్నే లేదు. తానే యంత్రమై ఒక్కో మెట్టు నడిచింది.

ఇక బగ్ సంగతి. నాలుగో మెట్టులో నాలుగో వేరియబుల్‌ను ఐదోదానితో భాగించాలి. అచ్చులో తలకిందులై, ఐదోదాన్ని నాలుగోదానితో భాగించాలని పడింది. ఆమె తీసుకున్న ఉదాహరణలో ఆ విలువలు 7, 9. రావాల్సింది తొమ్మిదింట ఏడు. అచ్చులో ఉన్నట్టు చేస్తే ఏడింట తొమ్మిది వస్తుంది. విచిత్రమేమిటంటే పక్కన జవాబు గడిలో సరైనదే ఉంది. అందుకే పైపైన చూస్తే దొరకదు. మేము ఈ మెట్టును సి లో రాసి బోర్డు మీద పెట్టాం. రెండూ ఇంట్ అయితే 7ను 9తో భాగిస్తే 0, 9ని 7తో భాగిస్తే 1. జవాబు దాచే వేరియబుల్‌ను ఫ్లోట్ చేస్తే సరిపోతుందని మాలో సగం మంది అన్నాం. సరిపోదు. భాగహారం ముందే ఇంట్‌లో జరిగిపోతుంది, దశాంశాలు అప్పుడే పోతాయి. 7 పక్కన చుక్క, సున్నా పెట్టాలి, లేదా ఆ వేరియబుల్ ముందు ఫ్లోట్ అని కాస్ట్ చేయాలి. ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడు చెప్పేదాకా మాకు తట్టలేదు. ఇలాంటి ప్రశ్న దగ్గరే ఒక కంపెనీ రాత పరీక్షలో మా బ్యాచ్‌లో నలుగురం తప్పాం.

తప్పు పట్టడంలోనూ ఆమె తక్కువది కాదు. ఆమెకు శ్రమ తగ్గుతుందని బెర్నూలీ సంఖ్యల లెక్క కొంత బాబేజ్ చేసిపెట్టాడు. అందులో పెద్ద తప్పు కనిపెట్టి ఆమె తిప్పి పంపింది. ఈ సంగతి తర్వాత తన ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. మొదటి ప్రోగ్రామర్ ఆమెనా, బాబేజేనా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ గొడవ మాకెందుకు, పట్టిక మాత్రం కళ్ల ముందుంది.

తర్వాతి కాలం బాగా గడవలేదు. గుర్రప్పందాల్లో చాలా డబ్బు పోగొట్టుకుంది. గర్భాశయ క్యాన్సర్‌తో 1852 నవంబర్ 27న, 36 ఏళ్లకే చనిపోయింది. ఎన్నడూ ఎరగని తండ్రి పక్కనే, హక్నాల్ చర్చిలో తనను సమాధి చేయమని కోరింది. అలాగే చేశారు. అనలిటికల్ ఇంజన్‌ను బాబేజ్ పూర్తి చేయలేకపోయాడు. 1979లో అమెరికా రక్షణ శాఖ తన కొత్త ప్రోగ్రామింగ్ భాషకు అడా అని పేరు పెట్టింది. ఆ భాష ప్రమాణ పత్రానికి ఇచ్చిన సంఖ్య 1815, ఆమె పుట్టిన సంవత్సరం.