శిలాచరిత్రకారుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమలోను, కృష్ణకు ఉత్తరాన ఉన్న వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలోను ఎటు చూసినా రాతి గుట్టలు, ఏనుగుల మందల వంటి గుండ్లు కనిపిస్తాయి. రాయి చలనం లేనిదని లోకుల భావన. కాని రాయికి కూడా పుట్టుక, పరిణామం ఉన్నాయి. ఆ చరిత్రను దక్షిణాపథమంతా తిరిగి చదివినవారిలో అగ్రగణ్యుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించాడు. 1858లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరి, మద్రాసుకు వచ్చాడు. 1863 మే 30న పల్లవరం వద్ద ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించి, భారతదేశ చరిత్రను రాతియుగం వరకు వెనుకకు నడిపించాడు. 1884–85లో అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలను తవ్వించాడు.

భూగర్భంలోని శిలాద్రవం లోతున నెమ్మదిగా చల్లారితే పెద్ద స్ఫటికాలు గల గ్రానైట్ ఏర్పడుతుంది. వేరొక రకపు శిలాద్రవం లావాగా పైకి ఉబికి త్వరగా చల్లారితే సన్నని రేణువుల బసాల్ట్ అవుతుంది. ఇవి అగ్నిశిలలు. ఎండవానలకు గ్రానైట్ శిథిలమై ఇసుకగా, చల్కా నేలగా మారుతుంది. నీరు మోసుకుపోయిన ఇసుక పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడితే అవక్షేప శిల. వేడిమికి, ఒత్తిడికి లోనై స్వరూపం మారితే రూపాంతర శిల. తిరిగి కరిగితే మరల శిలాద్రవమే. ఇదే శిలాచక్రం.

ఈ చక్రానికి పాలమూరు సీమయే నిదర్శనం. గద్వాల పరిసరాలలోని షిస్ట్ శిలలలో అధిక భాగం ఒకప్పటి లావాయే. ఇక్కడి గ్రానైట్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వాటిని చీల్చుకొని వచ్చిన డోలరైట్ నల్లని గోడల వలె నిలిచింది. అమ్రాబాద్ పీఠభూమిపై గ్రానైట్‌ను కప్పిన క్వార్ట్జైట్ పూర్వపు ఇసుక పొరల రూపాంతరమే.

అంతకుముందు పండితులు ఇటువంటి షిస్ట్ శిలలను పాత నీస్ శిలలతో కలిపి చూసేవారు. ఫుట్ 1880 దశకంలో వాటిని వేరుచేసి, ధార్వాడ్ శిలావ్యవస్థ అని పేరు పెట్టాడు. ఇవి నీస్ శిలల తరువాత పుట్టాయని ఆయన నిర్ణయం. తరువాతివారు అనేక చోట్ల గ్రానైట్ ఈ శిలలలోకి చొచ్చుకొని రావడం గమనించి, ఆ గ్రానైటే చిన్నదని తేల్చారు. పాత నీస్ పునాది, అనంతర కాలపు గ్రానైట్ రెండూ ఉన్నాయని నేటి శాస్త్రం అంగీకరిస్తున్నది. ఆయన నిర్ణయం కొంత సవరణ పొందింది. ఆయన పెట్టిన పేరు మాత్రం నిలిచింది.

బళ్లారి వద్ద కుప్పగల్లు కొండపై నవీన శిలాయుగ మానవులు డోలరైట్‌తో గొడ్డళ్లు చేసిన తావును కూడా ఫుట్ పరిశీలించాడు. భూగర్భంలో పుట్టిన అగ్నిశిల మానవుని చేతిలో పనిముట్టయిన వైనాన్ని గ్రంథస్థం చేశాడు.

1891లో ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట కూడా ఆయన పరిశోధన ఆగలేదు. జీవితకాలమంతా సేకరించిన పురావస్తువులు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912 డిసెంబరు 29న ఆయన కన్నుమూశాడు. ఆ సేకరణను వివరించే గ్రంథాలు ఆయన మరణానంతరం వెలువడ్డాయి. పొలం గట్టున పడివున్న రాయి కూడా కోట్ల ఏండ్ల కథ చెప్పగలదని నిరూపించిన ధన్యజీవి ఫుట్.