ఆర్కాడియా మిక్స్చర్

పీటర్ పాన్ అంటే తెలియనివాళ్ళు మనలో ఉండరు. పెద్దవ్వని కుర్రాడు, నెవర్‌ల్యాండ్, కెప్టెన్ హుక్, అన్నీ చిన్నప్పుడే కార్టూన్లలో చూసేశాం. ఆ కుర్రాణ్ణి పుట్టించిన జె.ఎం. బారీ గురించి మాత్రం మనకి తెలిసింది తక్కువ. పీటర్ పాన్ నాటకానికి పద్నాలుగేళ్ళ ముందు, 1890లో, బారీ పైపు పొగాకు మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడని ఈ సెమిస్టర్ దాకా నాకూ తెలీదు. పుస్తకం పేరు 'మై లేడీ నికోటిన్'. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతుంది. సెమిస్టర్ పరీక్షల ముందు చదవాల్సిన పుస్తకం అయితే కాదు, నేను చదివింది మాత్రం అప్పుడే.

ముందే చెప్పేస్తున్నా, నేను పైపు తాగను. సినిమాలో ఎవరైనా సిగరెట్ వెలిగించగానే తెర మూల ఒక హెచ్చరిక పడుతుంది కదా, ఈ వ్యాసం పొడుగునా అది కింద నడుస్తూనే ఉందనుకోండి. పొగాకుతో నాకున్న సంబంధం వేరు. మా తాతయ్యది ప్రకాశం జిల్లా, వర్జీనియా పొగాకు రైతు. బ్యారన్‌లో క్యూరింగ్ అయి వచ్చిన ఆకుని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఏ గ్రేడో చెప్పేసేవాడు. ఆయన జన్మలో పైపు ముట్టలేదు, తాగింది చుట్టే. అయినా బారీ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు ఆయన వేళ్ళే గుర్తొచ్చాయి.

బారీ 1860లో స్కాట్లండ్‌లోని కిరీమ్యూర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న చేనేత కార్మికుడు. పదిమంది పిల్లల్లో ఇతను తొమ్మిదోవాడు. ఇతనికి ఆరేళ్ళప్పుడు, 1867 జనవరిలో, అన్న డేవిడ్ మంచు మీద స్కేటింగ్ చేస్తుంటే దెబ్బ తగిలి చనిపోయాడు. మర్నాడు డేవిడ్‌కి పద్నాలుగు నిండాలి. అమ్మకి ప్రాణమంతా ఆ పిల్లాడి మీదే. ఆవిడ మంచం పట్టింది. చిన్న బారీ అన్న బట్టలు తొడుక్కుని, అన్నలాగే ఈల వేస్తూ అమ్మ గదిలోకి వెళ్ళేవాడు. చనిపోయిన పిల్లాడు ఎప్పటికీ పిల్లాడిగానే ఉండిపోతాడు, అమ్మని వదిలి వెళ్ళే వయసు వాడికి ఎన్నటికీ రాదు. ఆవిడకి మిగిలిన ఓదార్పు అదొక్కటే. పీటర్ పాన్ ఎక్కడ మొదలయ్యాడో వేరే చెప్పక్కర్లేదు.

1882లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఎం.ఏ. పూర్తయింది. నాటింగ్‌హామ్‌లో ఒక పత్రికకి కొంతకాలం సంపాదకీయాలు రాసి, 1885లో లండన్ చేరాడు. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, మహా అయితే ఇంకో అర అంగుళం. విపరీతమైన మొహమాటం. తెలిసినవాళ్ళు లేరు, చేతిలో డబ్బు లేదు. పత్రికలకి వ్యాసాలు పంపడం, తిరిగొస్తే ఇంకోటి రాయడం. సొంత ఊరి మనుషుల మీద రాసినవి క్లిక్ అయ్యాయి. ఆ ఊపులోనే పైపు మీద సరదా వ్యాసాలు రాశాడు, అవే తర్వాత పుస్తకమయ్యాయి.

పుస్తకంలో పెద్ద కథేమీ లేదు. ఒక బ్రహ్మచారి గది. రాత్రయితే గిల్‌రే, మారియట్, జిమ్మీ, స్క్రిమ్‌జర్ అనే ఫ్రెండ్స్ వచ్చి కూర్చుంటారు. మన హాస్టల్‌లో కూడా ఒక రూముంటుంది కదా, ఎవరిదైనా సరే అందరూ తేలేది అక్కడే. సరిగ్గా అలాంటిది. మాట్లాడుకునేది తక్కువ, పొగ వదిలేది ఎక్కువ. ఊరెళ్తూ గిల్‌రే తన పూలకుండీ అప్పగిస్తే మనవాడు దానికి నీళ్ళు పోయడు, మొక్క ఎండిపోతుంది, దాని మీద ఒక అధ్యాయం. వీళ్ళందర్నీ కలిపి ఉంచేది ఒక పొగాకు. దాని పేరు ఆర్కాడియా మిక్స్చర్. (మిక్స్చర్ అంటే మనకి స్వీట్ షాపులో పొట్లం కట్టిచ్చేది గుర్తొస్తుంది. పోలిక మరీ దూరమేం కాదు, అక్కడా ఇక్కడా గుట్టంతా ఏది ఎంత కలిపారన్న దాంట్లోనే ఉంది.) బారీ లోకంలోని పొగాకులన్నీ ఒక పక్కన పెట్టి, ఆర్కాడియాని ఇంకో పక్కన పెడతాడు. దాని రుచి గురించి అంత చెప్పినవాడు, అసలది ఏ కంపెనీదో మాత్రం చెప్పడు.

ఇక్కడ కాస్త ఆగి, పైపు తాగేవాళ్ళు తమ పొగాకుని ఎలా కనిపెట్టేవారో చెప్పాలి. సిగరెట్‌లో మీకు ఎంపిక తక్కువ, ఫ్యాక్టరీ చుట్టిచ్చింది కాల్చడమే. పైపులో మిశ్రమమే అంతా. వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ, తియ్యగా ఉంటుంది, తొందరపడి లాగితే నాలుక మండుతుంది. బర్లీలో చక్కెర దాదాపు ఉండదు, ఏ వాసన కలిపితే దాన్ని పీల్చుకుంటుంది. సిరియా తీరపు ఊరు లటాకియా పేరుతో వచ్చే నల్లటి ఆకుని కట్టెల పొగలో ఆరబెడతారు, డబ్బా మూత తీస్తే చలిమంట వాసన. అమెరికాలో లూసియానా వాళ్ళ పెరీక్‌ని పీపాల్లో బరువు కింద నొక్కి నెలల తరబడి పులియబెడతారు. అది చిటికెడు చాలు, మన వంటలో ఇంగువ లాగా. వీటిని ఏ పాళ్ళలో కలపాలి, ఎంత సన్నగా తరగాలి, ఎంత తేమ ఉంచాలి, ఈ మూడూ మారిస్తే రుచి మొత్తం మారిపోతుంది.

డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ చదివినవాళ్ళకి ఇందులో చిక్కు వెంటనే తెలుస్తుంది. పైపే శుభ్రంగా ఉండదు. నిన్న లటాకియా కాల్చిన బ్రయర్ పైపులో ఇవాళ వర్జీనియా వేస్తే నిన్నటి వాసన ఇవాళ్టి దాంట్లోకి వస్తుంది. అందుకే పట్టింపున్నవాళ్ళు ఒక్కో రకానికి ఒక్కో పైపు పెట్టుకుంటారు. ఒక్క పైపు కాల్చి నచ్చలేదనడం కూడా తప్పే. ఆకు తడిగా ఉందేమో, కూరడం బిగుతయిందేమో, వేగంగా లాగారేమో. కొద్దికొద్దిగా కొని, అదే పొగాకుని నాలుగైదు రోజులు, తిన్న తర్వాత ఒకసారి, ఖాళీ కడుపుతో ఒకసారి ప్రయత్నిస్తే గానీ తేలదు. ఇంత కష్టం అందరూ పడరు కదా. ఎక్కువమంది దొరకబుచ్చుకున్న దారి ఒకటే, పక్కవాడి సంచీ. స్నేహితుడు తన తోలు సంచీ ముందుకు జరుపుతాడు, ఒక పైపు నిండా తీసుకుంటావు, అంతే. నా లెక్కలో బారీ పుస్తకమంతా ఆ సంచీ జరిపే చెయ్యి గురించే.

రెండో దారి దుకాణదారు. అప్పటి లండన్ పొగాకు దుకాణంలో జాడీల వరస, త్రాసు ఉండేవి. ఖాతాదారు తనకి ఏది పడిందో ఏది పడలేదో చెబితే, పాళ్ళు మార్చి కలిపి ఇచ్చేవారు. స్పెయిన్ నుంచి రాజకీయ కారణాల వల్ల వలస వచ్చిన కరేరాస్ కుటుంబానికి లీస్టర్ స్క్వేర్ దగ్గర వార్డర్ స్ట్రీట్‌లో అలాంటి దుకాణం ఉండేది. క్రేవెన్ మూడో ఎర్ల్ వాళ్ళ దగ్గర కొనేవాడు. ఆయన అభిరుచికి తగ్గట్టు కలిపిన పొగాకే ఆయన పేరుతో క్రేవెన్ మిక్స్చర్ అయింది. ఒక పెద్దమనిషి సొంత ఆర్డరు, ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ సరుకు.

బారీ ఆర్కాడియా అదే. పుస్తకం వచ్చిన కొన్నేళ్ళకి ఆయన స్వయంగా కంపెనీకి ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు, నా పుస్తకంలో ఉన్నది మీ క్రేవెనే, మరొకటి కాదని. కరేరాస్ వాళ్ళు ఊరుకుంటారా? ఆ మాటని ఏళ్ళ తరబడి ప్రకటనల్లో వేసుకున్నారు. 1928లో లండన్‌లోని కామ్డెన్‌లో, ఈజిప్టు గుడిలాంటి స్తంభాలతో, గుమ్మం ముందు రెండు పెద్ద నల్లపిల్లి విగ్రహాలతో, వాళ్ళు కట్టిన ఫ్యాక్టరీ పేరు ఆర్కాడియా వర్క్స్. ఆ భవనం ఇప్పటికీ ఉంది, లోపల ఆఫీసులున్నాయి.

ఆ ఉత్తరం బారీ రాయకుండా ఉంటే బావుండేదని నాకనిపిస్తుంది. పేరు తెలియనంతకాలం ఆర్కాడియా చదివినవాడిది. ఎవడి ఆర్కాడియా వాడు తన ఫ్రెండ్ సంచీలో వెతుక్కోవచ్చు. పేరు తెలిశాక అది కౌంటర్ మీద డబ్బా. నెవర్‌ల్యాండ్ అక్షాంశ రేఖాంశాలు చెప్పేసినట్టు ఉంది. మా రూమ్మేట్ మాత్రం ఒప్పుకోలేదు. సరైన స్పెసిఫికేషన్ ఇవ్వకుండా ప్రోడక్ట్‌ని పొగడటమేంటి అంటాడు. వాడు క్వాలిటీ కంట్రోల్ ఎలెక్టివ్ తీసుకున్నాడు లెండి.

అప్పటి రచయితల్లో పైపు లేనివాడు అరుదు. బారీ ఒక క్రికెట్ టీమ్ పెట్టాడు, పేరు అల్లహక్బరీస్. అల్లాహు అక్బర్ అంటే దేవుడా కాపాడు అని అర్థమనుకుని, దానికి తన పేరు అతికించి పెట్టిన పేరది. అర్థం తప్పు, వాళ్ళ ఆటకి మాత్రం సరిగ్గా సరిపోయింది. అందులో ఆర్థర్ కోనన్ డాయిల్ ఆడేవాడు. నూట నలభై రకాల పొగాకు బూడిదల మీద షెర్లాక్ హోమ్స్ వ్యాసం రాశాడని కథల్లో చెప్పింది ఆ డాయిలే. ఇద్దరూ కలిసి 1893లో ఒక సంగీత నాటకం రాశారు. ఘోరంగా ఫ్లాపయింది.

పుస్తకంలో హీరో పెళ్ళి కోసం పైపు మానేస్తాడు. బారీ 1894లో మేరీ ఆన్సెల్ అనే నటిని పెళ్ళి చేసుకున్నాడు, పైపు మానలేదు. 1909లో విడాకులయ్యాయి. ఈలోగా కెన్సింగ్టన్ పార్కులో కుక్కని తిప్పుతూ లెవెలిన్ డేవిస్ వాళ్ళ పిల్లల్ని కలిశాడు. వాళ్ళకి చెప్పిన కథలే 1904 డిసెంబర్ 27న పీటర్ పాన్ నాటకమై స్టేజీ ఎక్కాయి. 1907లో ఆ పిల్లల తండ్రి ఆర్థర్ దవడ క్యాన్సర్‌తో పోయాడు. బారీ ఆ మంచం పక్కన కూర్చున్నాడు, వైద్యానికి డబ్బు పెట్టాడు. 1910లో తల్లి సిల్వియా కూడా పోయింది. ఐదుగురు మగపిల్లల బాధ్యత ఈయన మీద పడింది. పెద్దవాడు జార్జ్ 1915లో యుద్ధంలో చనిపోయాడు. నాలుగోవాడు మైకేల్, బారీకి అందరికన్నా దగ్గరివాడు, 1921లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర నీళ్ళలో మునిగి పోయాడు. ఇంకో నెలకి ఇరవై ఒకటి నిండేవి.

ఆ తర్వాత బారీ జీవితం ఎక్కువగా థేమ్స్ నది కనిపించే ఒక ఫ్లాట్‌లో గడిచింది. పెద్ద పొయ్యిగూడు, దాని పక్కన బెంచీ, పైపు, తెరలు తెరలుగా దగ్గు. కుడిచెయ్యి పట్టేసి రాయడానికి లొంగకపోతే ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. బిరుదులొచ్చాయి, డబ్బు చాలా వచ్చింది. 1929లో పీటర్ పాన్ హక్కుల్ని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లోని పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశాడు. దగ్గు మాత్రం తగ్గలేదు, పైపూ ఆగలేదు.

'మై లేడీ నికోటిన్' చివరి అధ్యాయం నేను రెండుసార్లు చదివాను. హీరోకి పెళ్ళయి, పొగ మానేసి చాలాకాలమైంది. ఫ్రెండ్స్ చెల్లాచెదురయ్యారు. రాత్రి భార్య పడుకున్నాక ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని ఒక్కడే కూర్చుంటాడు. గోడ అవతల పక్కింటాయన పైపు తాగుతుంటాడు. ఇద్దరికీ పరిచయం లేదు. ఆయన పైపు దులిపే చప్పుడు గోడలోంచి వినిపిస్తుంది, ఇతను ఆ చప్పుడు కోసం ఎదురు చూస్తుంటాడు. ముప్పై ఏళ్ళ కుర్రాడు నవ్వించడానికి రాసిన పుస్తకం అలా ముగుస్తుంది. మైకేల్ పోయాక ఆ ఫ్లాట్‌లో బారీ ఈ పేజీలు ఎప్పుడైనా తిరగేశాడా అని ఆలోచిస్తూ కూర్చున్నా. తిరగేసి ఉండడనే అనుకుంటున్నా.

1937 జూన్ 19న చనిపోయాడు. అంత పేరున్నవాణ్ణి లండన్‌లో ఉంచలేదు. కిరీమ్యూర్ తీసుకెళ్ళి, కొండ మీది శ్మశానంలో అమ్మానాన్నల దగ్గర, పద్నాలుగు నిండని డేవిడ్ దగ్గర పూడ్చారు.