పస్తులతో బిడ్డను కాపాడుకున్న అమ్మ

పదకొండేళ్ల పిల్ల. ఎంత నీళ్లు తాగినా దాహం తీరదు. తిన్నది ఒంటబట్టక చిక్కిపోతోంది. ఎదిగే వయసు కదా, అదే సర్దుకుంటుందిలే అని ఊరుకునే అమ్మలు మనలోనూ లేకపోలేదు. ఆంటొనెట్ హ్యూస్ మాత్రం ఊరుకోలేదు. 1919లో కూతురు ఎలిజబెత్‌ని న్యూయార్క్‌లో డాక్టర్ ఫ్రెడరిక్ అలెన్‌కి చూపించింది. చక్కెర వ్యాధి అని తేలింది. ఇప్పుడు టైప్ వన్ అంటున్నామే, అది.

తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ సామాన్యుడేం కాదు. 1916లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసి కొద్దిలో ఓడిపోయిన నాయకుడు. అయితేనేం? అప్పటికి ఇన్సులిన్ లేదు. ఈ జబ్బొచ్చిన పిల్లలు ఏడాదో రెండేళ్లో బతికేవారు, అంతే. అలెన్ దగ్గరున్న వైద్యం ఒక్కటే, పస్తు! పిల్ల తినే తిండిని ఒంట్లో చక్కెర పెరగనంతకు తగ్గించేయడం.

కడుపు మాడ్చి బిడ్డను బతికించుకోమంటే ఏ తల్లికి చేతులొస్తాయి చెప్పండి? బ్లాంచ్ అనే నర్సును పెట్టుకుని, ప్రతి ముద్దా తూకం వేసి పెట్టారు. ఎలిజబెత్ కూడా మొండికేయలేదు. తన లెక్క తనే నేర్చుకుంది. చదువు, పుస్తకాలు, ఇంటికి ఉత్తరాలు, వీటితో ఆకలి మరిచేది. 34 కిలోల పిల్ల మూడేళ్లు తిరిగేసరికి 20 కిలోలకు వచ్చింది. ఈలోగా 1920లో అక్క హెలెన్ క్షయతో పోయింది. ఆ తల్లి ఎలా తట్టుకుందో!

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో ఒక కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. సంగతి తెలిసి ఆంటొనెట్ డాక్టర్ బాంటింగ్‌కి ఉత్తరం రాసింది. మందు చాలినంత లేదని ఆయన మొదట కాదన్నారు. అయినా ఆగస్టులో రమ్మన్నారు. అయిదడుగుల పొడవుండి కూడా నడవలేని ఎలిజబెత్‌కి అప్పుడు పదిహేనో ఏడు నిండబోతోంది. ఇంజెక్షన్లు బాధ పెట్టేవి. అయినా కొన్ని వారాల్లోనే మూడేళ్లుగా ఎరగని తెల్ల బ్రెడ్డు తినగలిగింది. సూది తనే వేసుకోవడం నేర్చుకుంది. నవంబరు ఆఖరుకి ఇంటికి చేరింది.

తర్వాత 1929లో బర్నార్డ్ కాలేజీలో డిగ్రీ, 1930లో లాయర్ విలియం గోసెట్‌తో పెళ్లి, ముగ్గురు పిల్లలు. ఇదంతా బాగానే ఉంది. కానీ తన జబ్బు సంగతి దగ్గరివాళ్లలో కొద్దిమందికి తప్ప చెప్పలేదావిడ. తండ్రి కాగితాల్లో ఆ ప్రస్తావనలు కూడా తీసేశారు. ఎందుకని అడిగే హక్కు మనకుందా? మన ఇళ్లలో సూది వేసుకునే ఆడపిల్ల సంగతి పెళ్లిచూపుల దాకా దాచిపెట్టడం లేదూ? దాచడం వల్ల ఆపదలో పక్కవాళ్లకి ఏం చేయాలో తెలియదు. చక్కెర పడిపోయి కళ్లు తిరిగితే చేతికింత పంచదార నీళ్లు అందించాలన్న సంగతి స్కూల్లో టీచరుకీ, పక్క బెంచీ పిల్లకీ తెలిసుండాలి కదా?

1981లో, 73వ ఏట ఆవిడ కన్నుమూశారు. అప్పటికి 58 ఏళ్లుగా ఇన్సులిన్ మీదే ఉన్నారు. జబ్బు ఆనవాళ్లన్నీ చెరిపేసినా, టొరంటో నుంచి అమ్మకి రాసిన ఉత్తరాలు మాత్రం మిగిలాయి. అవిప్పుడు అదే ఊళ్లో, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి.