ఏనుగుల సేనాని, రాతి నర్తకులు

రామప్ప గుడి ఫొటోలు మన ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి కదా. కప్పు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు, స్తంభాల మీద మద్దెల వాయించేవాళ్లు, కాలు ఎత్తి ఆగిపోయిన నర్తకులు. జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి చూసి శిల్పులు వీటిని చెక్కారని చాలామంది అనేస్తుంటారు. తేదీలు చూస్తే లెక్క కుదరదు. రేచర్ల రుద్రుడి గుడి శాసనం 1213 నాటిది. జాయప పుస్తకం ముగించింది 1253-54లో. నలభై ఏళ్ల తేడా!

ఇంతకీ జాయప ఎవరు? కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమ వాడు, అయ్య వంశం. కాకతీయ గణపతిదేవుడు వెలనాటి మీద దండెత్తి దివిని గెలిచాక, ఆ ఇంటి ఆడపిల్లలు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకుని, వాళ్ల తోబుట్టువు జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు. ఓడిన ఇంటి పిల్లవాడు గెలిచినవాడి దగ్గరే పెరిగి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయ్యాడు. గుండామాత్యుడి దగ్గర నాట్యం చదివాడు.

రామప్ప శాసనం వేసిన 1213లోనే రాజు అతనికి చేబ్రోలు ఇచ్చాడు. అక్కడ తండ్రి చోడుడి పేరున చోడేశ్వరాలయం కట్టించాడు జాయప. సొంతగడ్డ దివిలో మాత్రం రాజు పేరున గణపేశ్వరాలయం. రాజు ఇచ్చిన ఊళ్లో తండ్రి పేరు, తండ్రి ఊళ్లో రాజు పేరు! అతని మనసు నాకు ఇక్కడే కొంచెం దొరికినట్టు అనిపిస్తుంది.

నృత్తరత్నావళి సంస్కృతంలో ఉంది, ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు భరతుడి దారిలో నడిచే మార్గ నృత్తం. అక్కడితో ఆపేసినా పండితుడనే అనేవాళ్లు. ఆపలేదు. మిగతా నాలుగూ దేశి నృత్తాలకే ఇచ్చాడు: పేరణి, గొండలి, చిందు, కోలాటం. మా ఆలూరు వైపు కర్రలు పట్టుకుని ఆడేవాళ్లకు కూడా ఆ సంస్కృత గ్రంథంలో చోటుందన్నమాట. కళ్లారా చూడకుండా రాసే సంగతులు కావివి.

రామప్ప శిల్పి కూడా అలాంటి ఆటలనే చూసి ఉండాలి. పైగా అతను పట్టుకున్నది డోలరైట్. ఉలి ఒక్కసారి జారితే అతికించడానికి ఉండదు. పారిస్‌లో దెగా 1881లో ప్రదర్శించిన బాలే అమ్మాయి బొమ్మ మైనంతో చేసింది, తప్పయితే దిద్దుకోవచ్చు. ఆ అమ్మాయి పేరు మరీ వాన్ గోథెమ్ అని లోకానికి తెలుసు. మన రాతిలో నిలిచినవాళ్లలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు.

జాయప పుస్తకం తాళపత్రాల్లోనే శతాబ్దాలు గడిపింది. 1965లో వి. రాఘవన్ పరిష్కరించి మద్రాసులో అచ్చు వేయించారు. తెలుగులోకి తెచ్చింది మన రాయలసీమ మనిషే, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. తర్వాత నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ రామప్ప శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణిని మళ్లీ ఆడించారు. అడుగులు పుస్తకంలో దొరికాయి, భంగిమలు రాతిలో దొరికాయి. పాటకూ మద్దెలకూ కూడా జాయప గీతరత్నావళి, వాద్యరత్నావళి రాశాడంటారు. ఆ రెండూ ఇంతవరకు దొరకలేదు.